ల్యాప్‌టాప్ నౌకరీ, టార్గెట్ గులామీ

మన ఘరాల్లో పిల్లల నౌకరీ గురించి రెండే మాటలు. ఒకటి సర్కారీ నౌకరీ, రెండోది ల్యాప్‌టాప్ నౌకరీ. మొదటిది దొరకడం ఎంత ముష్కిలో అందరికీ తెలుసు. అందుకే అమ్మీల దువాలన్నీ ఇప్పుడు రెండో దాని మీదే. కారేపల్లి, ఇల్లందు, డోర్నకల్, వైరా... ఏ ఊరికి వెళ్లినా "మా వాడు బెంగళూర్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ", "మా బేటీ హైదరాబాద్ల టెక్ కంపెనీ" అని ఫఖర్‌గా చెప్పుకునే అమ్మీ అబ్బాలు కనిపిస్తారు. వింటే నాకూ ఖుషీగానే ఉంటుంది. పంక్చర్ దుకాణం, చికెన్ సెంటర్, కుట్టుమిషన్, కిరాయి ఆటో మీద బతికిన ఇళ్లలోంచి మెడలో ఐడీ కార్డు వేసుకుని పిల్లలు బయల్దేరడం చిన్న ముచ్చట కాదు.

కానీ "కంపెనీలో ఏం పని బేటా?" అని అడిగేవాళ్లే తక్కువ. అడిగితే పిల్లగాడు కాసేపు నసుగుతాడు. చివరికి "బిజినెస్ డెవలప్‌మెంట్" అంటాడు. ఆ అంగ్రేజీ మాటకు మన జుబాన్‌లో అర్థం ఒక్కటే: అమ్మడం. యాప్ తయారుచేసే పని వేరేవాళ్లది. ఆ యాప్‌ను, ఆ కోర్సును, ఆ లోన్‌ను, ఆ సాఫ్ట్‌వేర్‌ను ఫోన్ల మీద అమ్మే పని మన వాళ్లది. కంపెనీ పేరులో టెక్ ఉంటుంది. నౌకరీలో ఉండేది సేల్స్.

అమ్మడం తక్కువ పని అని నేను అనడం లేదు. తిజారత్‌కు మన దగ్గర ఉన్న ఇజ్జత్ ఎంతో అందరికీ ఎరుకే. నా ఫిర్యాదు ఆ అమ్మకాల అంతస్తులో మన పిల్లల మీద నడిచే జుల్మ్ గురించి, వాళ్ల చేత చేయించే పని గురించి, ఆ రెంటి మీదా మన ఇళ్లలో ఉన్న ఖామోషీ గురించి.

ముందు ఇక్కడిదాకా ఎలా వచ్చామో చూడాలి. 2007లో బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. ఆ వెనకాలే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. అంతకుముందు పదో తరగతి దగ్గరో ఇంటర్ దగ్గరో ఆగిపోయిన మన పిల్లలు వేలమంది బీటెక్, ఎంబీఏ, డిగ్రీ చదివారు. ఖాందాన్ మొత్తంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. మంచిదే జరిగింది. కానీ దాంట్లో ఒక కొరత ఉండిపోయింది. వేరే ఇళ్లలో ఒక బాబాయో మేనమామో ఇప్పటికే ఆఫీసులో పనిచేసి ఉంటాడు. "ఇట్లాంటి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకురా", "ఈ కంపెనీలో నోటీస్ పీరియడ్ చూస్కో" అని చెప్పేవాడు ఒకడుంటాడు. మన ఇళ్లలో చాచాకు లారీ తెలుసు, మామూకు దుబాయ్ వీసా తెలుసు, అబ్బాకు వడ్డీవ్యాపారి కాయితం తెలుసు. వేరియబుల్ పే అంటే ఏందో చెప్పే మనిషే లేడు.

కోర్ ఇంజనీరింగ్ నౌకరీలు మామూలు కాలేజీలకు రావు. వచ్చేది అమ్మకాల కంపెనీ. ఆ ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది మార్కులు కాదు, నాలుక. హిందీ మాట్లాడగలవా, తెలుగు మాట్లాడగలవా, కాస్త దఖ్నీ కలిపి ఎదుటివాడిని నవ్వించగలవా? మన పిల్లలకు మూడూ వచ్చు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి ఒకప్పుడు "నీ తెలుగుకు యాస ఉంది, నీ ఉర్దూ మనకు పనికిరాదు" అన్న మాటలే మిగిలాయి. ఇప్పుడు అదే రెండు జుబాన్ల పిల్లగాడికి నెలకు పాతిక ముప్పై వేలు, పైన ఇన్సెంటివ్. మార్కెట్ మన జుబాన్ విలువ కనిపెట్టింది. ఏ పనికి కనిపెట్టిందో చూడాలి.

పత్రికలో పనిచేసే మనిషిని కాబట్టి ఊరి పిల్లలు సెలవుల్లో వచ్చినప్పుడు నాతో కాస్త ఖుల్లాగా మాట్లాడతారు. వాళ్ల పేర్లు, వాళ్ల కంపెనీల పేర్లు ఇక్కడ అవసరం లేదు. ఒక్కొక్కరు ఒక్కో కంపెనీ. చదువుల యాప్ ఒకటి, లోన్ల యాప్ ఒకటి, దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేది ఒకటి. కానీ చెప్పే దినచర్య దాదాపు ఒకటే.

పొద్దున మీటింగ్‌తో మొదలు. నిన్న ఎవరు ఎంత అమ్మారో పేరుపేరునా చదువుతారు. అమ్మినవాడికి చప్పట్లు. సున్నా దగ్గర ఉన్నవాడు లేచి నిలబడి ఎందుకు అమ్మలేదో అందరి ముందు చెప్పుకోవాలి. తర్వాత లీడ్లు పంచుతారు. లీడ్ అంటే ఎవరో ఒక అమ్మదో నాన్నదో ఫోన్ నంబర్. ఇక టాక్‌టైమ్. రోజుకు ఇన్ని కాల్స్ చేయాలి, ఇన్ని నిమిషాలు లైన్ మీద ఉండాలి. ఎంత మాట్లాడావో కంప్యూటర్ లెక్కేస్తుంది. నీళ్లు తాగడానికి లేచిన టైము కూడా దానికి తెలుసు. కస్టమర్లు ఇంటికి చేరేది సాయంత్రం, కాబట్టి పని ముదిరేదీ సాయంత్రమే. ఆదివారం అబ్బా అమ్మీ ఇద్దరూ ఇంట్లో దొరుకుతారు, కాబట్టి ఆదివారమే అసలు సీజన్. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో రివ్యూ. నెలాఖరు వారం గురించి అడిగితే పిల్లలు తల అడ్డంగా ఊపుతారు, మాట్లాడరు.

టార్గెట్ అందుకుంటే వచ్చే నెల టార్గెట్ పెరుగుతుంది. అందుకోకపోతే పీఐపీ. పనితీరు మెరుగుపరుచుకోవడానికి ఇచ్చే గడువు అని దాని పేరు. పీఐపీ కాయితం వచ్చిందంటే వేరే నౌకరీ వెతుక్కోమని చెప్పడమే అని లోపలివాళ్లందరికీ మాలూమ్. చాలాసార్లు తీసేయరు కూడా. "నువ్వే రిజైన్ చెయ్, అప్పుడే ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా వస్తది" అంటారు. పిల్లగాడు తన చేతుల్తో తనే రాజీనామా టైప్ చేస్తాడు. కాయితాల మీద ఎవరూ ఎవర్నీ తీసేయలేదు.

ఇదంతా అక్కడొకటి ఇక్కడొకటి జరిగే ముచ్చట్లని అనుకునేవాళ్ల కోసం దేశమంతా చూసిన ఒక కథ చెబుతాను. బైజూస్. కేరళకు చెందిన ఒక టీచర్ల కొడుకు బైజు రవీంద్రన్ 2011లో బెంగళూరులో ఈ కంపెనీ పెట్టాడు. 2015లో యాప్ వచ్చింది. 2017 నుంచి షారుఖ్ ఖాన్ దాని ప్రకటనల్లో కనిపించాడు. 2019లో టీమిండియా జెర్సీ మీద ఆ పేరు ఎక్కింది. 2022లో కంపెనీ విలువ 2,200 కోట్ల డాలర్లు అన్నారు. మన తెలుగు జిల్లాల నుంచి కూడా ఎంతోమంది పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ ఆఫీసుల్లో ఆ అమ్మకాల నౌకరీలో చేరారు. షారుఖ్ కంపెనీలో కొడుకు పనిచేస్తున్నాడంటే ఏ అమ్మీకి గర్వం ఉండదు?

లోపలి లెక్క వేరుగా ఉంది. 2020-21 సంవత్సరానికి 4,588 కోట్ల రూపాయల నష్టం వచ్చినట్టు 2022 సెప్టెంబర్‌లో బయటపడింది. మర్సటి నెలే దాదాపు 50,000 మంది ఉద్యోగుల్లో 2,500 మందిని తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. కొన్ని వారాలు తిరక్కముందే లియోనెల్ మెస్సీని అంబాసిడర్‌గా పెట్టుకుంది. డిసెంబర్‌లో జాతీయ బాలల హక్కుల కమిషన్ బైజు రవీంద్రన్‌ను పిలిపించింది. పిల్లల చదువు పేరుతో పేద తల్లిదండ్రులకు కోర్సులు అంటగడుతున్నారని, అప్పుల్లోకి దించుతున్నారని వచ్చిన వార్తల మీద సంజాయిషీ అడిగింది. పిల్లల, తల్లిదండ్రుల ఫోన్ నంబర్ల జాబితాలు కొంటున్నారని కమిషన్ చైర్మన్ అన్నారు. కొనలేదని కంపెనీ చెప్పింది. ఆ తర్వాత ఇళ్లకు వెళ్లి అమ్మడం ఆపేస్తామని, నెలకు 25,000 రూపాయలకన్నా తక్కువ ఆమ్దనీ ఉన్న కుటుంబాలకు కోర్సు అమ్మబోమని కంపెనీయే ప్రకటించింది.

ఆ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొత్తగా అలాంటి నియమం పెట్టుకోవాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా అమ్మకానికి అలాంటి హద్దు లేదనే కదా. ఆ ఇళ్ల తలుపు కొట్టింది ఎవరు? కంపెనీ యజమాని కాదు, అతనికి డబ్బు పెట్టిన విదేశీ ఫండ్లు కాదు. టై కట్టుకుని, ట్యాబ్ పట్టుకుని, బైక్ మీద వచ్చిన పాతికేళ్ల పిల్లలు. ఆ పిల్లల ఇళ్లలో కూడా అబ్బా ఆమ్దనీ అంతకన్నా తక్కువే ఉండి ఉంటుంది.

2024 మొదట్లో తన్ఖాలు ఆలస్యమయ్యాయి, కొందరికి కొంతే వచ్చింది. మార్చిలో బెంగళూరు హెడ్డాఫీసు తప్ప దేశంలోని మిగతా ఆఫీసులు ఖాళీ చేశారు. 2024 జూలై 16న, క్రికెట్ బోర్డుకు రావాల్సిన సుమారు 158 కోట్ల బాకీ మీద నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి పంపింది. జెర్సీ మీద పేరు పెట్టిన బోర్డే కోర్టుకు ఎక్కింది. క్రికెట్ బోర్డుకు వకీళ్లున్నారు. తన్ఖా బాకీ ఉన్న అమ్మకాల పిల్లగాడికి ఎవరున్నారు?

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తాను. ఈ నౌకరీలో పని గంటలకన్నా, తిట్లకన్నా నన్ను కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. జమీర్ సంగతి.

చదువుల యాప్‌లో పనిచేసిన మన ప్రాంతపు పిల్లగాడు ఒకడు చెప్పాడు. అవతల లైన్‌లో ఒక ఆటో డ్రైవర్. పేరు చూసి మనవాడని తెలిసింది. ఇతను ఉర్దూలోకి మారాడు. సర్ అనలేదు, చిచ్చా అన్నాడు. పాప ఏం చదువుతోంది, ఏం కావాలనుకుంటోంది అని అడిగాడు. "డాక్టర్ కావాలంటది బేటా" అన్నాడాయన. "మరి చిచ్చా, బయట పిల్లలంతా ముందుకు పోతుంటే మన పిల్లలు ఎప్పుడూ వెనకే ఉండాల్నా?" అన్నాడు ఇతను. ఆ మాట ట్రైనింగ్‌లో నేర్పలేదు. సొంత దిల్‌లోంచి వచ్చింది. తన అబ్బా ముందు తనే ఎన్నోసార్లు అన్న మాట. ఆయన కిస్తీల కాయితానికి ఒప్పుకున్నాడు. ఆ రోజు ఫ్లోర్ మీద చప్పట్లు ఇతనికే. మూడో నెలలో ఆయన ఫోన్ చేసి, కిస్తీ కట్టలేకపోతున్నాను, ఎలా ఆపాలో చెప్పు బేటా అన్నాడట. లోన్ ఇచ్చింది వేరే ఫైనాన్స్ కంపెనీ, అది ఆగదు. ఇతను ఆ నంబర్ బ్లాక్ చేశాడు.

"ఆయన చిచ్చా అన్నందుకే నమ్మిండు సార్" అన్నాడు నాతో.

మన జుబాన్ విలువ కనిపెట్టిన మార్కెట్ దాన్ని ఈ పనికి వాడింది. భరోసా అనేది మన మొహల్లాల్లో తరతరాలుగా పోగైన దౌలత్. సలాం చేసినవాడిని నమ్ముతాం, చిచ్చా అన్నవాడిని ఇంట్లోకి పిలిచి చాయ్ ఇస్తాం. కంపెనీ ఆ దౌలత్‌ను నెలకో పాతిక వేలకు కిరాయికి తీసుకుంటుంది. ఖర్చయిపోయేది మాత్రం మనది.

మన ఇళ్లలో సూద్ గురించి ఎంత మాట్లాడుకుంటాం! బ్యాంకులో వడ్డీ తీసుకోవాలా వద్దా అని మౌల్వీ సాబ్‌లను అడుగుతాం. తూకంలో మోసం ఎంత పెద్ద గునాహో పిల్లలకు మక్తబ్‌లోనే చెబుతాం. మరి కట్టలేడని తెలిసీ ఒక గరీబు చేత వాయిదాల కాయితం మీద సంతకం పెట్టించడం ఏ తూకంలో వేయాలి? హలాల్ రిజ్క్ అంటే ప్లేట్లో ఉన్న గోష్ గురించి మాత్రమేనా? ఇది పిల్లల మీద విసిరే ప్రశ్న కాదు. వాళ్లు మజ్బూర్. కానీ ఈ ప్రశ్న రాత్రిపూట వాళ్లను నిద్రపోనివ్వదు. నాతో మాట్లాడిన వాళ్లలో తిట్ల గురించి నవ్వుతూ చెప్పినవాళ్లున్నారు. ఇలాంటి సంతకాల గురించి నవ్వుతూ చెప్పినవాళ్లు లేరు.

"అమ్మకమంటే అంతే కదా, మాటలు చెప్పకుండా ఎవడమ్ముతాడు?" అనేవాళ్లుంటారు. సబబైన ప్రశ్నే. మన గాజులోళ్లు, అత్తరోళ్లు, సైకిల్ మీద చీరలమ్మిన మన పెద్దలు నాలుగు మాటలు ఎక్కువే చెప్పారు. కానీ చీరలమ్మిన తాతకు మళ్లీ నెల అదే వాకిట్లోకి పోవాలి. రంగు వెలిసిపోతే ఆ ఇంటి ఆడవాళ్లు నలుగురిలో నిలదీస్తారు. ఆ భయమే అతని అబద్ధానికి హద్దు. యాప్ అమ్మేవాడికి ఆ వాకిలితో పనిలేదు. రేపు ఇంకో లీడ్. అతనికి ఉన్న భయమల్లా నెలాఖరు, టీమ్ లీడర్. హద్దు తీసేసి టార్గెట్ పెడితే, మంచి ఖాందాన్‌లో పెరిగిన పిల్లవాడు కూడా నెలాఖరు రోజు అబద్ధం చెబుతాడు.

ఇది ఒక్క హిందుస్తాన్ రోగం కాదు. అమెరికాలో వెల్స్ ఫార్గో అనే పెద్ద బ్యాంకు ఉంది. హైదరాబాద్‌లో దానికి పెద్ద ఆఫీసే ఉంది. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది రకాల ఖాతాలు అంటగట్టాలని అక్కడి బ్రాంచీల సిబ్బందికి టార్గెట్ పెట్టింది. అందుకోలేక వాళ్లు కస్టమర్లకు తెలియకుండానే లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబర్‌లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే ఆ తప్పు మీద దాదాపు 5,300 మందిని తీసేశామని బ్యాంకు చెప్పుకుంది. పెద్దలు కూడా తర్వాత దిగిపోయారు, నిజమే. కానీ ముందు పోయింది కౌంటర్ దగ్గర కూర్చున్న చిన్న నౌకర్లే. టార్గెట్ పైనుంచి వస్తుంది, శిక్ష కిందనుంచి మొదలవుతుంది. దునియా అంతటా ఇదే దస్తూర్.

రంజాన్ వచ్చిందంటే మన పిల్లలకు ఇంకో ఇంతిహాన్. 2025 రంజాన్‌లో తెలంగాణ సర్కారు ముస్లిం ప్రభుత్వోద్యోగులు సాయంత్రం నాలుగింటికే ఇంటికి పోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. దాని మీద టీవీల్లో ఎంత రచ్చ జరిగిందో చూశాం. ఆ ఉత్తర్వు అమ్మకాల ఫ్లోర్ మీదికి రాదు. అక్కడ డెమోలు పీక్‌లో ఉండేది సరిగ్గా మగ్రిబ్ టైములో. ఖజూర్ నోట్లో పెట్టుకుని కాల్ అందుకున్న పిల్లలున్నారు. జుమాకు గంట పోయొస్తే టాక్‌టైమ్ తగ్గిందని సాయంత్రం పేరు చదువుతారు. సెలవు అడిగితే ఎవరూ "నువ్వు ముసల్మాన్ కాబట్టి ఇవ్వను" అనరు. "టార్గెట్ అయిపోయిందా?" అంటారు. పొంగల్‌కు ఇంటికి పోవాలనుకునే తమిళ పిల్లగాడికీ, బతుకమ్మకు పోవాలనుకునే మన ఊరి అమ్మాయికీ అదే జవాబు. ఈ ఒక్క విషయంలో అక్కడ భేదభావం లేదు.

ఆడపిల్లల సంగతి మరీ ముష్కిల్. రాత్రి తొమ్మిది దాకా డెమో ఉంటే హాస్టల్ చేరేసరికి పది. ఆ మాట ఇంట్లో తెలిస్తే నౌకరీ బంద్. అందుకని అమ్మాయి ఇంట్లో చెప్పదు. అవతలి కస్టమర్ అసభ్యంగా మాట్లాడినా చెప్పదు, టీమ్ లీడర్ మాట మీరినా చెప్పదు. చెప్తే ఆఫీసులో ఏదైనా మారుతుందో లేదో గానీ, ఇంట్లో మాత్రం నౌకరీ మానిపిస్తారు. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి ఆఫీసులో 2013 చట్టం కింద అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. ఆ కమిటీ ఉందని అమ్మాయికి ఎలాగూ తెలుస్తుంది. ఫిర్యాదు చేసినా నౌకరీ మానిపించం బేటీ అని మనం ముందే చెప్పామా?

అమ్మీలు, అబ్బాలు కాస్త కోపగించుకోకుండా వినాలి. ఆఫీసులో ఒక టీమ్ లీడర్ ఉంటే ఇంట్లో ఇద్దరుంటున్నారు. "ఈ నెల ఇన్సెంటివ్ ఎంత వచ్చింది?" "ఫలానా వాళ్ల కొడుకు నీకన్నా వెనక చేరి కారు కొన్నాడంట." బెహన్ నిఖా, ఇంటి స్లాబ్, అబ్బా ఆపరేషన్... అన్నీ ఆ పిల్లగాడి టార్గెట్ మీదే రాసిపెట్టి ఉంటాయి. రిష్తా మాట్లాడేటప్పుడు ల్యాప్‌టాప్ నౌకరీ అని చెప్పి జోడా పైసల లెక్క పెంచిన ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి ఇంటికి ఫోన్ చేసి "అమ్మీ, ఇక నాతో కాదు" అని ఎలా చెబుతాడు? నౌకరీ పోయిన రెండు మూడు నెలలు కూడా హాస్టల్‌లోనే ఉండి, దోస్తుల దగ్గర కర్జా తీసుకుని ఇంటికి తన్ఖా పంపినట్టు పంపిన పిల్లగాళ్లను నేనెరుగుదును. 2024 జూలైలో పుణెలో ఒక పెద్ద ఆడిట్ కంపెనీలో చేరిన నాలుగు నెలలకే 26 ఏళ్ల కేరళ అమ్మాయి చనిపోయింది. పని భారమే కారణమని ఆమె తల్లి రాసిన ఉత్తరం దేశమంతా చదివింది. ఆ ఉత్తరం ఏ తల్లీ రాయకూడదు. అందుకు ముందే వినే చెవి ఇంట్లో ఉండాలి.

ఇక సర్కారు, కానూన్ సంగతి. ఐటీ కంపెనీలకు 1988 నాటి షాపులు, సంస్థల చట్టంలోని పని వేళలు, సెలవులు వంటి కొన్ని సెక్షన్ల నుంచి మన ప్రభుత్వాలు ఏళ్లతరబడి మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. పెట్టుబడి వస్తుంది, నౌకరీలు వస్తాయి అన్నారు. వచ్చాయి కూడా. 2025 జూలైలో తెలంగాణ సర్కారు వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో 282 ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని అందులోనే ఉంది. పది గంటలు అన్న మాట అన్ని కంపెనీలకూ గుర్తుంది. 48 అన్న మాట ఎన్నింటికి గుర్తుందో మీ పిల్లలనే అడగండి.

మా ఊరికి ఈ ముచ్చట చెప్పే హఖ్ ఉంది. కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలం పేరు సింగరేణి. ఈ సింగరేణి గ్రామం పేరే 1920లో బొగ్గు కంపెనీ పెట్టుకుంది. పక్కనే ఇల్లందులో 1880లలోనే బొగ్గు తవ్వకాలు మొదలయ్యాయి. ఆ గనుల్లో దిగిన వాళ్లలో మన తాతలూ ఉన్నారు. చదువు లేదు, అంగ్రేజీ రాదు, కానీ వాళ్లకు యూనియన్ ఉంది. ఎనిమిది గంటల షిఫ్టు, సెలవు, దవాఖానా ఎవరూ దయతో ఇవ్వలేదు, కొట్లాడి తెచ్చుకున్నారు. 1998 నుంచి సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని కార్మికులే రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. ఆ తాతల మనవడు ఎంబీఏ చదివి ఏసీ గదిలో కూర్చుని, తన టీమ్ లీడర్ ముందు నోరు విప్పలేకపోతున్నాడు. మన తాత చేతిలో మసి ఉండేది. అయినా షిఫ్టు కూత వినగానే బయటికి వచ్చేవాడు. మనవడి షిఫ్టుకు కూతే లేదు.

సంఘం పెట్టుకుంటే ఏమవుతుందని అడిగేవాళ్లకు ఒక మిసాల్. 2022లో బైజూస్ తిరువనంతపురం ఆఫీసును మూసేసే పని మొదలైంది. రాజీనామా చేయండి అన్నారు. అక్కడి ఉద్యోగులు ఎవరికి వాళ్లు ఏడుస్తూ సంతకం పెట్టలేదు. టెక్నోపార్క్ ఉద్యోగుల సంఘం ప్రతిధ్వనితో కలిసి నేరుగా కేరళ కార్మిక మంత్రి దగ్గరకు వెళ్లారు. మంత్రి విచారణకు ఆదేశించాడు. కంపెనీ పెద్దలు ముఖ్యమంత్రిని కలిశారు, నవంబర్ మొదట్లో ఆఫీసును నడుపుతామని ప్రకటించారు. అదే కంపెనీ, అవే రోజులు. ఒక్కొక్కరుగా ఉన్నచోట నౌకరీలు పోయాయి, కలిసి నిలబడ్డచోట ఆఫీసు నిలిచింది. బెంగళూరులో కిటు అనే ఐటీ ఉద్యోగుల యూనియన్ 2017 నుంచి ఉంది. హైదరాబాద్‌లో షేక్ సలావుద్దీన్ లాంటివాళ్లు క్యాబ్ డ్రైవర్లను, డెలివరీ పిల్లలను కూడగట్టి యూనియన్ నడుపుతున్నారు. ఆఫీసే లేని బైక్ వాళ్లు ఒకటయ్యారు. ఒకే ఫ్లోర్ మీద కూర్చునే వందమంది ఎందుకు కాలేరు?

2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వాటి మీద కార్మిక సంఘాలకు చాలా ఫిర్యాదులున్నాయి, అందులో సబబైనవి ఉన్నాయి. కానీ మన పిల్లలకు పనికొచ్చే రెండు మాటలు వాటిలో ఉన్నాయి. ఒకటి, మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో రావాల్సిన వేతనం ఇచ్చేయాలి. రెండు, సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులను కూడా వర్కర్ అనే మాట కిందికి తెచ్చారు. కాబట్టి కంపెనీ విజిటింగ్ కార్డు మీద మేనేజర్ అని రాసిందని మురిసిపోనక్కర్లేదు. ఏ కోర్టయినా చూసేది కార్డు మీద ఉన్న పేరు కాదు, చేసిన పని.

కొడుకునో కూతురినో ఇలాంటి నౌకరీకి పంపొద్దని నేను చెప్పడం లేదు. సేల్స్‌లో చేరి, మాట నేర్చి, రెండేళ్లలో మంచి కంపెనీకి మారి, ఇల్లు నిలబెట్టిన పిల్లలున్నారు. అల్లా వాళ్లకు బరకత్ ఇవ్వాలి. మాషాఅల్లా అనే ముందు నాలుగు ముచ్చట్లు అడగండి అంటున్నాను. ఏం అమ్మాలి, ఎవరికి అమ్మాలి? చేతికొచ్చే తన్ఖా ఎంత, అమ్మితేనే వచ్చేది ఎంత? వారంలో ఏ రోజు సెలవు, అది ఆదివారమేనా? మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు, బాండ్ ఉందా? ఆఫర్ లెటర్ అంగ్రేజీలో ఉంటే మొహల్లాలో చదివిన ఎవరిచేతనైనా సంతకానికి ముందు చదివించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కంపెనీకీ అప్పగించొద్దు. తన్ఖా స్లిప్పులు, టార్గెట్ మెసేజ్‌లు, రాత్రి పదింటి వాట్సాప్ తిట్లు పిల్లలు సొంత ఫోన్‌లో దాచుకోవాలి. రేపు లేబర్ ఆఫీసుకు పోవాల్సి వస్తే అవే గవాహీ.

మన మస్జిద్ కమిటీలు నిఖాలకు, జనాజాలకు, ఇఫ్తార్లకు జమ అవుతాయి. ఊరినుంచి వెళ్లి ఇలాంటి కంపెనీల్లో పనిచేసిన నలుగురు పిల్లల్ని ఈద్ సెలవుల్లో ఒక సాయంత్రం కూర్చోబెట్టి, కొత్తగా వెళ్లేవాళ్లతో మాట్లాడించడానికి ఎంత ఖర్చవుతుంది? చాయ్ ఖర్చు. ఖాందాన్‌లో లేని ఆ చాచాను మొహల్లా తయారుచేసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు ఇంట్లో ఒక మాట పలకాలి. నౌకరీ పోతే ఇంటికి రా బేటా, ఇక్కడ నీకు టార్గెట్ లేదు. ఈ మాట విన్న పిల్లగాడు టీమ్ లీడర్ అరిచినప్పుడు సగం తక్కువ భయపడతాడు. కిస్తీ కట్టలేని చిచ్చా లైన్‌లో ఉన్నప్పుడు, "వద్దు చిచ్చా, ఇది మీకు సరిపడదు" అని ఫోన్ పెట్టేసే ధైర్యం కూడా అతనికి అక్కడినుంచే వస్తుంది.